కైరానో గుప్పిట్లో ఉండగా హుడ్‌కి కెమెరా ఎందుకు? (థండర్‌బర్డ్స్, 1965)

కొబ్బరాకు_నీడ
పాత థండర్‌బర్డ్స్ బొమ్మల సీరియల్ మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాను, ఈసారి అమ్మతో కలిసి. అమ్మకి ఆ ఇంగ్లీషు అందదు. అందుకని నేనే కూర్చుని తెలుగులో సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. మొదటి ఎపిసోడ్ అయిపోగానే అమ్మ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

కథలో ట్రేసీ కుటుంబం థండర్‌బర్డ్స్ అనే యంత్రాలతో ఇంటర్నేషనల్ రెస్క్యూ అనే రహస్య రక్షణ సంస్థ నడుపుతుంది. వాళ్ళ శత్రువు హుడ్ ఉండేది మలేసియా అడవిలో ఒక గుడిలో. వాళ్ళ ఇంటి పనివాడు కైరానో ఉండేది పసిఫిక్ ద్వీపంలో, ట్రేసీ వాళ్ళింట్లో. హుడ్ తన గుడిలోంచి కదలకుండా కళ్ళు మెరిపిస్తాడు, అక్కడ కైరానో విలవిల్లాడిపోయి ఇంటర్నేషనల్ రెస్క్యూ పనికి సిద్ధమైందన్న రహస్యం చెప్పేస్తాడు. అంత చేతనైనవాడు యంత్రాల ప్లాన్లు ఎక్కడ దాచారో కూడా అడగొచ్చు కదా? అది మానేసి ఫైర్‌ఫ్లాష్ విమానానికి బాంబు పెట్టి, వాళ్ళని లండన్ ఎయిర్‌పోర్టుకి రప్పించి, పోలీసు వేషం వేసుకుని, థండర్‌బర్డ్ 1లోకి దూరి ఫొటోలు తీయడం దేనికి? పైగా ఆ విమానంలో ఉన్నది టిన్‌టిన్, కైరానో కన్నకూతురు.

ఇంకో చిన్న సాయం కూడా కావాలి. హుడ్, కైరానో "హాఫ్ బ్రదర్స్" అంటారు. సవతి అన్నా, సవతి తమ్ముడా? అమ్మ కోసం పాత్రల పేర్లు, వరసలు ఒక కాగితం మీద రాసి పెట్టాను. ఆ ఒక్కచోట ఖాళీ ఉండిపోయింది.

రాత్రి_డ్యూటీ
వశీకరణం అంటే ఫోన్ కాల్ కాదు కదండీ. కైరానో ఎదురు తిరుగుతాడు, నొప్పితో కింద పడిపోతాడు. ఆ కాసేపట్లో ఒక్క మాట రాబట్టడమే గొప్ప. ప్లాన్లన్నీ చెప్పించాలంటే మనిషే పోతాడు.

ఐదో_పక్షి
రాత్రి_డ్యూటీ గారూ, ఆ లెక్క "మార్షియన్ ఇన్వేజన్" దగ్గర తప్పుతుంది. అందులో హుడ్ మారువేషం వేసి, ఒక సినిమా షూటింగ్‌లో ప్రమాదం తనే సృష్టించి, థండర్‌బర్డ్స్‌ని కెమెరాలో పట్టాలని చూస్తాడు. దానికి ముందు ఏం చేస్తాడు? థండర్‌బర్డ్ 1లో ఎవరైనా ఫొటో తీస్తే పసిగట్టే పరికరం ఉంటుంది కదా, దాన్ని కైరానో చేతే పాడుచేయిస్తాడు. అంటే మాట చెప్పించడమే కాదు, లేచి వెళ్ళి పని కూడా చేయించగలడు. అలాంటప్పుడు కెమెరాని కైరానో చేతికే ఇస్తే అయిపోయేది.

కొబ్బరాకు_నీడ
అదే! అమ్మ కూడా అచ్చం అదే అంది. "దొంగ ఇంట్లోనే ఉంటే కన్నం వేయడం దేనికే" అని.

పింక్_రోల్స్
నాకు హుడ్ కంటే జెఫ్ ట్రేసీ మీదే ఎక్కువ కోపం. మాజీ వ్యోమగామి, అయిదుగురు కొడుకుల్ని నడిపిస్తున్నవాడు. ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా నమ్మకంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి కళ్ళు తేలేసి పడిపోతే ఒక డాక్టర్‌ని పిలిపించడు. కళ్ళు తిరిగాయని సరిపెట్టేస్తారు. అయిదేళ్ళ క్రితం మా నాన్నగారు ఒకసారి పడిపోతే మేం మూడు టెస్టులు చేయించాం. నాకు ఆ సీన్ చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కైరానో గురించి ఆ ఇంట్లో ఎవరికీ పట్టదు.

స్లౌ_సీను
నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండ్‌లో స్లౌలో ఉంటున్నాను. థండర్‌బర్డ్స్ తీసింది ఈ ఊళ్ళోనే, స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లో. వారానికి రెండుసార్లు ఆ పక్కగానే వెళ్తాను, కాబట్టి ఈ చర్చలో నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

కథలోని ఈ కంతల్లో (ప్లాట్ హోల్స్) చాలావాటికి కారణం కథ రాసినవాళ్ళ అజాగ్రత్త కాదు, నిడివి. గెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ దీన్ని ముందు అరగంట కార్యక్రమంగానే మొదలుపెట్టారు. అంటే ప్రకటనలు పోను 25 నిమిషాలు. డబ్బు పెట్టిన లూ గ్రేడ్ మొదటి ఎపిసోడ్ చూసి, ఇది టీవీ కార్యక్రమంలా లేదు, సినిమాలా ఉంది, గంట చేయండి అన్నాడు. అప్పటికే చాలా ఎపిసోడ్లు చిన్న నిడివిలో తయారై ఉన్నాయి. వాటికి మళ్ళీ సీన్లు రాసి, తీసి, మధ్యలో అతికించారు. ఫైర్‌ఫ్లాష్ కథ మూలంలో ఒకటే గొడవ: నేలకి దిగితే బాంబు పేలుతుంది, దిగకపోతే అణు రియాక్టర్ రేడియేషన్‌కి ప్రయాణికులు పోతారు. అంత గట్టి కథ అది. దాని చుట్టూ ఇంకో 25 నిమిషాల సామాను పేర్చాల్సి వస్తే పాత్రల మధ్య అతుకులు కనపడక తప్పదు.

రాత్రి_డ్యూటీ
సీను గారూ, నిడివి పెరిగితే కంతలు పూడ్చడానికి ఇంకా ఎక్కువ చోటు దొరకాలి కదా?

స్లౌ_సీను
తీరిగ్గా రాసే టైముంటే నిజమే. వీళ్ళకి ఒక పక్క కొత్త ఎపిసోడ్ల షూటింగ్, ఇంకో పక్క పాతవాటిని సాగదీసే పని, రెండూ ఒకేసారి. అయినా మంచి కూడా జరిగింది. సంస్థ లండన్ ఏజెంట్ పెనెలోపీ, ఆమె డ్రైవర్ పార్కర్ మాటలకి అంత చోటు దొరికింది ఆ సాగదీతలోనే. నాకు మాత్రం అది లాభసాటి బేరమే.

బంగారక్క_ఫ్యాన్
వరస సంగతి: తెలుగులో ఇది తప్పించుకోలేని చిక్కు. ఇంగ్లీషులో "బ్రదర్" అని ఊరుకోవచ్చు, "అంకుల్" అని ఊరుకోవచ్చు. మనకి అన్నో తమ్ముడో తేల్చాల్సిందే. టిన్‌టిన్‌కి హుడ్ పెదనాన్నా, బాబాయా?

ఐదో_పక్షి
"డెస్పరేట్ ఇంట్రూడర్"లో ఆ వరస గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఎడారిలో అనాస్టా సరస్సు దగ్గరికి సంస్థ ఇంజనీరు బ్రెయిన్స్, టిన్‌టిన్ నిధి వెతకడానికి వెళ్తారు. హుడ్ వెంటపడి ఇద్దర్నీ వశం చేసుకుంటాడు, బ్రెయిన్స్‌ని మెడ దాకా ఇసకలో పాతేస్తాడు. ఎదురుగా ఉన్నది అన్నదమ్ముడి కూతురు. ఒక్క ముక్క లేదు, ఒక్క చూపు లేదు. ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్ళలాగే ఉంటారు. నాకు ఇది కైరానో కంత కంటే పెద్దది. చుట్టరికం పెట్టి, దాన్ని 32 ఎపిసోడ్లలో ఒక్కసారీ వాడుకోలేదు.

పింక్_రోల్స్
2015లో వచ్చిన కొత్త థండర్‌బర్డ్స్ ఆర్ గోలో వాడుకున్నారు కదా. టిన్‌టిన్‌ని కేయోగా మార్చి, హుడ్ ఆమెకి అంకుల్ అన్న విషయాన్నే కథలో బరువుగా పెట్టారు. అన్నట్టు అందులో కూడా పార్కర్ గొంతు డేవిడ్ గ్రాహందే. యాభై ఏళ్ళ తర్వాత అదే మనిషి, అదే పార్కర్. అది విన్నరోజు నాకు కళ్ళు చెమర్చాయి.

రాత్రి_డ్యూటీ
పాత దాంట్లో గొంతుల సంగతి ఎత్తితే ఇంకో తమాషా. హుడ్‌కీ, అంతరిక్ష కేంద్రం థండర్‌బర్డ్ 5లో ఉండే జాన్‌కీ గొంతు ఒక్కరిదే, రే బారెట్. శత్రువు రేడియోలో జాన్‌లా మాట్లాడి ఉంటే ఎవరూ కనిపెట్టేవాళ్ళు కాదు :)

ఐదో_పక్షి
మా జాన్‌ని ఇందులోకి లాగొద్దు. పాపం, అతన్ని అంతరిక్షంలో కూర్చోబెట్టి మరిచిపోయారు. అతనూ అలన్ వంతులవారీగా డ్యూటీ చేస్తారని చెబుతారు గానీ ఎప్పుడు చూసినా పైన జానే. అయిదుగురు అన్నదమ్ములకీ అమెరికా తొలి వ్యోమగాములైన మెర్క్యురీ వాళ్ళ పేర్లే పెట్టారు: స్కాట్ కార్పెంటర్, వర్జిల్ గ్రిసం, అలన్ షెపర్డ్, గోర్డన్ కూపర్, జాన్ గ్లెన్. గ్లెన్ పేరు పెట్టుకున్నవాడికి ఎక్కడా సాహసం లేదు. నా హ్యాండిల్ అందుకే ఇది.

కొబ్బరాకు_నీడ
ఇవాళ్టి విశేషం. నాలుగో ఎపిసోడ్ చూస్తుంటే అమ్మ టక్కున ఆపమంది. "వీడు మొన్న వేరే పేరుతో వచ్చాడు కదే?" అని. వెనక్కి తిప్పి చూస్తే నిజమే, అదే మొహం! మీసం, జుట్టు మారాయంతే. నేను ఇన్నేళ్ళలో గమనించలేదు.

స్లౌ_సీను
మీ అమ్మగారి కళ్ళకి దండం. అతిథి పాత్రలకి ప్రతిసారీ కొత్త తల చేయరు. ముఖ్య పాత్రలు పోను మిగతావాటికి కొన్ని తలలు ఉంచుకుని విగ్గు, మీసం, కనుబొమలు, బట్టలు మార్చి తిప్పుతారు. ఒక వారం పైలట్, ఇంకో వారం దొంగ, మరో వారం శాస్త్రవేత్త. ఒక నాటక కంపెనీ అనుకోండి. ఒక్కో తలలో పెదవులు కదిపే సొలినాయిడ్ ఉంటుంది, రికార్డు చేసిన గొంతుకి అనుగుణంగా కరెంటు అందితే పెదవి ఆడుతుంది. అది చేయడం చిన్న పని కాదు, కాబట్టి పారేయరు.

బంగారక్క_ఫ్యాన్
ఇది మన తోలుబొమ్మలాటలో ఉన్నదే. మా తాతగారి ఊళ్ళో శివరాత్రికి ఆడేవాళ్ళు. రామాయణమైనా, భారతమైనా మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చేస్తారు. లంకలో వీళ్ళకేం పని అని ఎవరూ అడగరు. అడగకపోవడం కాదు, వాళ్ళ కోసమే ఎదురుచూస్తారు. నాకు పార్కర్ వచ్చినప్పుడు అదే ఆనందం. ఆరు చక్రాల గులాబీ రంగు రోల్స్ రాయిస్ తలుపు తెరుచుకుంటే చాలు, కథ ఎక్కడున్నా సరే.

రాత్రి_డ్యూటీ
బంగారక్క_ఫ్యాన్ గారూ, కేతిగాడితో పోలిక నేను ఒప్పుకోను. కేతిగాడికి కథలో బాధ్యత లేదు, వచ్చి నవ్వించి వెళ్తాడు. హుడ్ కథని నడిపే శత్రువు. అతని తెలివి కథకి అవసరమైనంతే పెరిగి, అవసరమైనప్పుడు తగ్గిపోతుంటే అది కంతే.

బంగారక్క_ఫ్యాన్
సరే, హుడ్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. పార్కర్‌ని మాత్రం వదలను.

ఎర్ర_యూనిఫాం
మీరంతా థండర్‌బర్డ్స్ దగ్గరే ఆగిపోయారు. అసలు కంతలు కావాలంటే అదే స్టూడియో 1967లో తీసిన కెప్టెన్ స్కార్లెట్ చూడండి. నాకు ప్రాణం అది, అందుకే ఎక్కువ బాధ.

ఒకటి. అంగారకుడి నుంచి వచ్చే శత్రువులు మిస్టరాన్లు దాడి చేసేముందు ఎవర్ని చంపబోతున్నారో, దేన్ని పేల్చబోతున్నారో రేడియోలో చెప్పేస్తారు. ప్రతిసారీ. నరాల యుద్ధం అంటారు, సరే, భయపెట్టడమే ఉద్దేశం అనుకుందాం. కానీ చెప్పినందువల్లే కదా ఓడిపోతున్నారు.

రెండు. "స్పెక్ట్రం స్ట్రైక్స్ బ్యాక్"లో మిస్టరాన్ నకిలీ మనుషుల్ని పట్టే డిటెక్టర్, వాళ్ళని చంపే తుపాకీ తయారవుతాయి. ఎక్స్‌రే వాళ్ళలోంచి పోదు, ఎక్కువ ఓల్టేజీ కరెంటు తగిలితే చస్తారు, ఆ రెండు సూత్రాల మీదే. అంత గొప్ప ఆయుధం దొరికాక స్కార్లెట్ పనిచేసే స్పెక్ట్రం అనే భద్రతా సంస్థలో ప్రతివాడి చేతిలో ఒకటి ఉండాలి. దాదాపు కనిపించదు!

మూడు. మొదట్లో మిస్టరాన్ దగ్గరకొస్తే స్కార్లెట్‌కి తల తిరిగి ఒళ్ళు తూలుతుంది. కొన్ని ఎపిసోడ్లయ్యాక ఆ లక్షణం మాయం. అదే ఉంచితే ప్రతి కథా అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, నిజమే. కానీ పోయిందని ఒక్కమాట చెప్పొచ్చు.

నాలుగోది కంతో కాదో నాకిప్పటికీ తేలలేదు. మొదటి ఎపిసోడ్‌లోనే కారు ప్రమాదంలో స్కార్లెట్, బ్రౌన్ ఇద్దరూ చనిపోతారు. తర్వాత వచ్చేవి మిస్టరాన్లు చేసిన నకళ్ళు. బ్రౌన్ నకలు పేలిపోతుంది. స్కార్లెట్ నకలు లండన్ కార్-వ్యూ టవర్ మీంచి పడి, వాళ్ళ పట్టు వదిలించుకుని, మన హీరో అవుతుంది. అంటే మిగతా ఎపిసోడ్లన్నిటిలో మనం చూసేది చచ్చిపోయినవాడి రూపాన్ని. పై అధికారి కర్నల్ వైట్ గానీ, ప్రాణస్నేహితుడు బ్లూ గానీ అసలు స్కార్లెట్ కోసం ఒక్క కన్నీటి బొట్టు రాల్చరు. మా అన్నయ్య పోయిన ఏడాది ఇది మళ్ళీ చూశాను. ఆ మొదటి ఎపిసోడ్ తర్వాత చాలాసేపు టీవీ ఆపేసి కూర్చున్నాను.

పింక్_రోల్స్
ఎర్ర_యూనిఫాం గారూ, నాలుగోది కంత కాదనిపిస్తుంది నాకు. జ్ఞాపకాలు, మనసు అన్నీ అవే కదా వచ్చాయి. బ్లూకి ఎదురుగా స్నేహితుడే ఉన్నాడు. ఏడవడానికి అతనికి వీలే దొరకలేదు, అంతే.

ఎర్ర_యూనిఫాం
ఇలా ఆలోచించలేదు. వీలే దొరకలేదు అన్నమాట నిజం.

మాస్టారు_ఫిజిక్స్
కంత అనుకునేది కాని ఒక ఉదాహరణ ఇస్తాను. స్కార్లెట్‌లోనే "బిగ్ బెన్ స్ట్రైక్స్ అగైన్". అణు పరికరం ఉన్న వాహనాన్ని ఎక్కడో దాచేస్తారు. డ్రైవర్‌కి ఒక్కటే గుర్తు, అర్ధరాత్రి బిగ్ బెన్ పదమూడు గంటలు కొట్టిందని. పిల్లల కథ అనుకుంటాం. కానీ లెక్క సరిపోతుంది. అతను రేడియోలో గంటలు విన్నాడు, బయటి గంటలూ విన్నాడు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, అంటే కొట్టిన క్షణమే చేరినట్టు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు. బయటి మొదటి గంట సరిగ్గా రేడియో రెండో గంటతో కలిసిపోతే, బయటి పన్నెండోది విడిగా పదమూడోదిలా వినిపిస్తుంది. గంటకీ గంటకీ మధ్య నాలుగు సెకన్లకి పైగా ఉంటుంది కాబట్టి, ఆ చోటు గడియారానికి దాదాపు కిలోమీటరున్నర దూరం. వృత్తం గీసి వెతకడమే. శబ్ద వేగం పాఠం చెప్పినప్పుడు ఇరవై ఏళ్ళు ఈ కథే చెప్పాను పిల్లలకి.

ఐదో_పక్షి
మాస్టారూ, మరి వీళ్ళదే పాత సీరియల్ ఫైర్‌బాల్ ఎక్స్‌ఎల్5 (1962) సంగతి? అందులో స్టీవ్ జోడియాక్, వీనస్ హెల్మెట్ లేకుండా, సూటు లేకుండా అంతరిక్షంలో ఈదుతారు. ఆక్సిజన్ మాత్ర వేసుకుంటే చాలట.

మాస్టారు_ఫిజిక్స్
దానికి నా దగ్గర పాఠం లేదు. గాలి లోపలికి అందడం ఒక్కటే సమస్య కాదు, బయట పీడనమే లేదు.

స్లౌ_సీను
బొమ్మ తలలు పెద్దవి, తల మీంచి తీగలు పైకి వెళ్తాయి. హెల్మెట్ పెడితే మొహం కనపడదు, తీగలకి అడ్డం. మాత్ర వచ్చింది అక్కడినుంచే అనుకుంటాను. అలాగే నడక. ఈ బొమ్మలు సరిగ్గా నడవలేవు. అందుకే ఎప్పుడూ ఏదో ఒక వాహనంలో ఉంటారు, లేదా నడుం దాకానే కనిపిస్తారు. వీళ్ళదే ఇంకో సీరియల్ స్టింగ్‌రేలో కమాండర్ షోర్‌ని హోవర్ కుర్చీలో కూర్చోబెట్టారు. థండర్‌బర్డ్స్‌లో అలన్ సోఫాతో సహా కిందికి దిగి రాకెట్‌లోకి వెళ్తాడు, వర్జిల్ గోడ తిరిగి జారుడు గొట్టంలోకి పోతాడు. చిన్నప్పుడు అవి చూసి అలాంటి ఇల్లు కావాలని ఏడ్చినవాళ్ళం మనం. అది నడక రాని బొమ్మల కోసం కట్టిన ఇల్లు.

కొబ్బరాకు_నీడ
ఈ ఒక్క సంగతి అమ్మకి చెప్పాలి. సోఫా దిగే సీన్ రెండుసార్లు పెట్టించుకుంది.

రాత్రి_డ్యూటీ
ఒక సందేహం తీర్చండి. థండర్‌బర్డ్ 1 నడిపే స్కాట్ ముందు వెళ్ళి అక్కడ కూర్చుని ఏం చేస్తాడు? సామానంతా 2లో ఉంటుంది కదా.

ఐదో_పక్షి
1 వేగం గంటకి 15,000 మైళ్ళు, 2ది 5,000. భూమికి సరిగ్గా అవతలి వైపు అంటే సుమారు 12,500 మైళ్ళు. స్కాట్ యాభై నిమిషాల్లో దిగుతాడు, 2 నడిపే వర్జిల్‌కి రెండున్నర గంటలు. ఆ గంటా నలభై నిమిషాల్లో పరిస్థితి చూసి ఏ పాడ్ (2 మోసుకొచ్చే సామాను పెట్టె) కావాలో చెప్పాలి.

రాత్రి_డ్యూటీ
పాడ్ ఎంచుకోవాల్సింది బయల్దేరే ముందు కదా! దారిలో ఉన్నవాడు ఎలా మారుస్తాడు?

ఐదో_పక్షి
...ఇది నిజంగా కంతే. "సన్ ప్రోబ్"లో తప్పు పెట్టె ఎక్కించుకుని వెళ్తారు కూడా. తీరా తెరిస్తే అందులో బ్రెయిన్స్ చేసిన రోబో బ్రామన్. ఆ రోబో చేతే లెక్కలు కట్టించి గట్టెక్కుతారు.

పింక్_రోల్స్
రహస్యం సంగతి మరిచారు. ఫొటో తీస్తే కారుని వెంటాడి కాల్పించే సంస్థ, "సెక్యూరిటీ హజార్డ్"లో దొంగచాటుగా పాడ్‌లో ఎక్కి వచ్చిన పిల్లాడికి ద్వీపం చూపించి, పాత సాహసాలన్నీ కూర్చోబెట్టి చెబుతుంది. నిద్రపోయాక ఇంటి దగ్గర దింపేస్తారు, కలగన్నానని అనుకుంటాడని. హుడ్ ఇన్ని వేషాలు వేసే బదులు ఆ పిల్లాడిని అడిగితే సరిపోయేది. కానీ అది నాకు చాలా ఇష్టమైన ఎపిసోడ్. అన్నదమ్ములు ఒక్కొక్కరే వచ్చి కథ చెప్పడానికి పోటీపడతారు.

ఎర్ర_యూనిఫాం
సంవత్సరం గొడవ ఎవరూ ఎత్తలేదేం? అందరూ 2065 అంటారు. చివరి ఎపిసోడ్ "గివ్ ఆర్ టేక్ ఎ మిలియన్"లో క్యాలెండర్ మీద 2026 ఉంటుంది.

స్లౌ_సీను
2065 అనేది పత్రికల ద్వారా బాగా పాతుకుపోయింది. అప్పట్లో వీళ్ళ బొమ్మల కథలు వేసే టీవీ సెంచరీ 21 పత్రిక తన సంచికల మీద సరిగ్గా నూరేళ్ళ తర్వాతి తేదీ వేసేది. నేను 2065 పక్షమే.

ఎర్ర_యూనిఫాం
తెర మీద కనిపించేదే సాక్ష్యం. నేను 2026 దగ్గరే ఉంటాను.

కొబ్బరాకు_నీడ
మొత్తం అమ్మకి చదివి వినిపించాను. కైరానో విషయంలో తన తీర్పు: హుడ్‌కి కావాల్సింది ప్లాన్లు ఒక్కటే కాదు. ఇంట్లో ఉన్న మనిషిని పూర్తిగా వాడేస్తే ఒక్కసారితో అయిపోతుంది, అందరికీ తెలిసిపోతుంది. కొంచెం కొంచెం వాడితే ఎన్నాళ్ళైనా వాడుకోవచ్చు. పింక్_రోల్స్ గారు చెప్పిన డాక్టర్ మాట దగ్గర మాత్రం అమ్మ మీ వైపే. "పెద్దాయనకి కనీసం మజ్జిగైనా ఇవ్వరేంటే" అంది.

రాత్రి_డ్యూటీ
కొంచెం కొంచెం వాడుకోవడం... అది కుదురుతుంది. నాకు తట్టలేదు. కెమెరా పరికరం పాడుచేయించింది కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఐదో_పక్షి
కుదరదు. ఆరు ఎపిసోడ్లలో ఆరుసార్లూ ఓడినవాడు ఏం దాచుకుంటాడు? అయినా అమ్మగారితో వాదించను.

బంగారక్క_ఫ్యాన్
వరస తేలిందా మరి?

కొబ్బరాకు_నీడ
తేలింది. అమ్మే తేల్చింది. కైరానో జుట్టు నెరిసింది, హుడ్‌కి గుండు, కాబట్టి జుట్టుని బట్టి చెప్పలేం అంది. చివరికి కాగితం మీద "సవతి తమ్ముడు, టిన్‌టిన్‌కి బాబాయి" అని రాయించింది. ఎందుకంటే పెదనాన్న అయితే గుడికి కైరానోనే పిలిపించుకునేవాడట, ఇలా దూరం నుంచి సాధించడట.

రేపు "టెర్రర్ ఇన్ న్యూయార్క్ సిటీ" మొదలుపెడుతున్నాను. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ని పట్టాల మీద జరుపుతుంటే కూలిపోయేది. థండర్‌బర్డ్ 2ని నేవీ వాళ్ళే పొరపాటున కాల్చేస్తారు. ఆ కాలిన విమానం తిరిగి వచ్చే సీన్‌లో మాటలు తక్కువ, సబ్‌టైటిల్స్ రాసే పని పెద్దగా ఉండదు. ఈసారి నేను కూడా చూడొచ్చు.

స్లౌ_సీను
శనివారం ట్రేడింగ్ ఎస్టేట్ వైపు వెళ్తున్నాను. ఆ వీధి ఫొటో తీసి ఇక్కడ పెడతాను, అమ్మగారికి చూపించండి.